ఫ్రాన్స్ పల్లెలో మూడు నెలలు ఉండాలంటే ముందు ఊరు చూసుకోండి

అన్నయ్య గారూ, నమస్కారం. మీరు రాసిందంతా శ్రద్ధగా చదివాను. రైల్వేలో రిటైరయ్యారు. అమ్మాయీ అల్లుడూ తులూజ్‌లో విమానాల కంపెనీలో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లు ఆఫీసుకు పోయాక అపార్టుమెంటులో గోడలు చూస్తూ కూర్చునే బదులు ఈసారి మూడు నెలలు పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకుందామనుకున్నారు. అక్కడికి రెండు గంటల పైచిలుకు రైలు దూరంలో ఉన్న ఫిజాక్ అనే చిన్న పట్టణం దగ్గర పొలాల మధ్య పాత రాతి ఇల్లు ఒకటి నచ్చింది కానీ, దుకాణాలున్న ఊరు అక్కడికి ఏడు కిలోమీటర్లు. వదినగారికి కారు నడపడం రాదు, పైగా శాకాహారి. ఇద్దరికీ బీపీ, మీకు షుగరు కూడా. ఆ ఇల్లు ఖాయం చేయమంటారా అని అడిగారు.

వద్దంటాను. ఫ్రాన్స్ పల్లె వద్దని కాదు, ఆ ఇల్లు వద్దని. మా అబ్బాయి కూడా తులూజ్‌లోనే ఉంటాడు. మావారూ నేనూ చాలా ఏళ్లుగా ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా ఆ చుట్టుపక్కల, లోట్ నది ఒడ్డు ఊళ్లలో గడుపుతున్నాం. ఆ పల్లెలంటే నాకు ప్రాణం. అందుకే మీరిద్దరూ అక్కడ సుఖంగా ఉండాలని కాస్త గట్టిగా చెబుతున్నాను.

ఫొటోలో ఆ ఇల్లు ఎంత బాగుంటుందో నాకు తెలుసు. మొదటి వారం రోజులు నిజంగానే స్వర్గంలా ఉంటుంది. తరువాత రోజూ చేసే పనులు మొదలవుతాయి. రొట్టె కావాలంటే కారు, మందులకు కారు, మరో మనిషి ముఖం చూడాలన్నా కారు. కారు తాళాలు మీ దగ్గరే ఉంటాయి కాబట్టి వదినగారు ప్రతిదానికీ మిమ్మల్ని అడగాలి. ఇన్నేళ్లూ బజారుకు, గుడికి, పక్కింటికి తనంతట తాను వెళ్లొచ్చిన మనిషికి అది చాలా కష్టం. పైకి చెప్పరు, అంతే. రేపు మీ కాలు బెణికినా, మీకు జ్వరం వచ్చినా ఇద్దరూ ఇంట్లో ఇరుక్కుపోతారు. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఇక అక్కణ్నుంచి సాయంత్రం ఆరు కాకముందే చీకటి పడుతుంది. పొలాల మధ్య వీధిదీపం ఉండదు. ఆ చీకట్లో ఇద్దరే ఎదురెదురుగా, రోజూ, వారాల తరబడి. ఎంత అన్యోన్యంగా ఉండే దంపతులకైనా భారమే.

కాబట్టి ఇల్లు వెతకడం ఆపి, ముందు ఊరు వెతకండి. ఇంటి గడప దాటి పది నిమిషాలు నడిస్తే రొట్టెల దుకాణం, ఆకుపచ్చ సిలువ గుర్తున్న మందుల షాపు, వారానికోసారైనా సంత, మేరీ అనే పంచాయతీ ఆఫీసు, డాక్టరు కూర్చునే ఆరోగ్య కేంద్రం ఉండాలి. రైలు ఆగితే మరీ మంచిది. రెండు మూడు వేల మంది ఉన్న ఊళ్లలో కూడా ఇవన్నీ దొరుకుతాయి. అసలు ఫిజాక్‌లోనే ఉండొచ్చు కదా! పది వేల లోపు జనాభా, నది, మధ్యయుగాల నాటి రాతి ఇళ్లు, శనివారం ఉదయం పెద్ద సంత, సొంత ఆసుపత్రి ఉన్నాయి. తులూజ్ నుంచి నేరుగా రైలుంది, రెండు గంటల పైచిలుకు ప్రయాణం. అమ్మాయి శుక్రవారం సాయంత్రం ఎక్కితే రాత్రి భోజనానికి మీ దగ్గరుంటుంది. ఊరి చివర ఇంట్లో దిగితే పావుగంట నడకలో అడవీ కొండా వచ్చేస్తాయి, పల్లెకు దూరమయ్యామన్న లోటు ఉండదు. గురువారం సంత జరిగే విల్‌ఫ్రాంష్ ద రూఎర్గ్, బుధ, శనివారాల్లో సంత ఉండే కాఓర్ కూడా చూడదగ్గవే. కాఓర్ జిల్లా కేంద్రం, కాస్త పెద్దది, ఆసుపత్రి కూడా పెద్దది.

ఇంకొక చిన్న పరీక్ష ఉంది. మీకు నచ్చిన ఊరి పేరు పెట్టి, అక్కడి రొట్టెల దుకాణం, మందుల షాపు ఏ రోజు మూస్తారో వెతకండి. అసలు ఆ దుకాణమే లేదనుకోండి, ఆ ఊరు వదిలేయండి. ఈ మధ్య చాలా చిన్న ఊళ్లలో దుకాణం మూతపడి రొట్టెల యంత్రం ఒకటే మిగిలింది. ఆ యంత్రం రొట్టె ఇస్తుంది గానీ పలకరించదు.

ఇక ఇంటి సంగతి. అక్కడ సెలవులకు అద్దెకిచ్చే ఇంటిని జీత్ అంటారు. 1950ల నుంచి నడుస్తున్న జీత్ ద ఫ్రాన్స్ సంస్థ ఇళ్లకు గోధుమ కంకులతో గ్రేడు ఇస్తుంది, మనం హోటళ్లకు నక్షత్రాలిచ్చినట్టు. మూడు కంకుల ఇల్లు మనకు హాయిగా సరిపోతుంది. జూలై, ఆగస్టుల్లో శనివారం నుంచి శనివారానికి లెక్కేసి, అద్దె విపరీతంగా అడుగుతారు. సెప్టెంబరు వచ్చేసరికి బాగా దిగివస్తారు. వెబ్‌సైటులో వారం ధర చూసి పన్నెండుతో హెచ్చవేయకండి. యజమానికి నేరుగా రాసి, రిటైరైన దంపతులం, ఇన్ని వారాలుంటాం, నెలకెంత అని అడగండి. ఖాళీగా పడుండే కాలంలో స్థిరంగా ఉండేవాళ్లు దొరికితే వాళ్లకూ సంతోషమే. ఒకే అద్దెదారుకు వరుసగా తొంభై రోజులకు మించి సీజన్ అద్దెకు ఇవ్వకూడదని అక్కడి చట్టం. మీ వీసా గడువూ అంతే కాబట్టి ఇబ్బంది లేదు.

అడగాల్సిన వాటిలో ముఖ్యమైనది వేడి ఖర్చు. అక్టోబరు మధ్య నుంచి రాతి ఇళ్లు లోపల చల్లబడిపోతాయి. కరెంటు హీటరా, కట్టెల పొయ్యా, చమురా, ఆ ఖర్చు అద్దెలో కలిసిందా లేక మీటరు చూసి విడిగా తీసుకుంటారా అన్నది రాతపూర్వకంగా తెప్పించుకోండి. పడకగది, స్నానాలగది కింది అంతస్తులోనే ఉండాలి. పాత ఇళ్లలో మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి. పొయ్యి ఇండక్షనా అని కూడా అడగండి, కుక్కరు దానికి తగ్గది తీసుకెళ్లాలి. మన మిక్సీ అక్కడ నడుస్తుంది, వోల్టేజి 230 కదా. ఎర్తింగ్ ఉన్న అడాప్టరు మాత్రం కావాలి. పల్లె ఇళ్లకు చాలావాటికి సెప్టిక్ ట్యాంకే. వేపుడు చేసిన నూనె సింకులో పోయకండి, తడి టిష్యూలు టాయిలెట్లో వేయకండి. ఇంట్లో పొగ పసిగట్టే అలారం ఉండాలన్నది 2015 నుంచి చట్టం. ఎండుమిర్చి పోపు పెట్టేముందు కిటికీ తెరవండి. అగరొత్తులు కూడా కిటికీ దగ్గరే.

వీసా గురించి మీకు సగం తెలుసు. తొంభై రోజుల లోపైతే షెంగెన్ వీసా, అంటే ఫ్రాన్స్‌తో పాటు చాలా ఐరోపా దేశాలకు చెల్లే వీసా, పెద్దవాళ్లకు 90 యూరోలు, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. జూన్, జూలైలలో అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి ముందే తెమల్చండి. కొన్ని రోజులు అమ్మాయింట్లో, మిగిలినవి అద్దె ఇంట్లో ఉంటారు కాబట్టి రెండింటికీ కాగితాలుండాలి. అమ్మాయి తన మేరీలో ఆతిథ్య ధ్రువపత్రం తీసుకోవాలి, జీత్ యజమాని ఒప్పందపత్రం పంపాలి. రోజుల లెక్కలో దిగిన రోజు, తిరిగి ఎక్కిన రోజు కూడా కలుస్తాయి. 2025 అక్టోబరు నుంచి సరిహద్దుల్లో స్టాంపుల స్థానంలో వేలిముద్రలు, ముఖచిత్రంతో కంప్యూటరు నమోదు మొదలైంది. ఒక్క రోజు దాటినా బయటపడుతుంది. తొంభైకి మించి ఉండాలనిపిస్తే ఇక్కణ్నుంచే విజిటర్ లాంగ్‌స్టే వీసా పెట్టుకోవాలి, అక్కడికి వెళ్లాక మార్చుకుందామంటే కుదరదు. మొదటిసారికి అంత అవసరం లేదు.

ఏ నెలలంటారా? ఆగస్టు ఆఖరు వారంలో దిగి నవంబరు 20 ప్రాంతంలో తిరిగి రండి. కారణం మీ పింఛనే. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేది నవంబరులో. ఇంటికొచ్చి నెలాఖరులోగా నిమ్మళంగా ఇచ్చుకోవచ్చు. జూలైలో వెళితే వడగాడ్పులుంటాయి, పల్లె ఇళ్లలో ఏసీలు ఉండవు. అక్కడివాళ్లు పొద్దున్నే కిటికీల చెక్క తలుపులు మూసేసి, రాత్రి చల్లబడ్డాక తెరిచి నెట్టుకొస్తారు. మీరు వెళ్లేసరికి ఆ ఎండ తగ్గుముఖం పడుతుంది. సెప్టెంబరులో ద్రాక్ష కోతలు, అక్టోబరులో వాల్‌నట్లు రాలతాయి, కుంకుమపువ్వు పూస్తుంది. అవును, కెర్సీ అని పిలిచే ఆ ప్రాంతంలో కుంకుమపువ్వు పండిస్తారు. తెల్లవారుజామున పువ్వులు కోసి, ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ కూర్చుని కేసరాలు ఏరతారు. వదినగారికి తప్పకుండా చూపించండి.

ఆరోగ్యం దగ్గర మాత్రం ఏమీ వదిలిపెట్టకండి. పల్లె ఫ్రాన్స్‌లో డాక్టర్ల కొరత నిజం. చాలామంది కొత్తవాళ్లను తీసుకోవడం లేదు. ఇల్లు ఖాయం చేసేముందే యజమానిని అడగండి, ఊరికి వచ్చినవాళ్లను చూసే డాక్టరు ఎవరని. చూస్తే మామూలు ఫీజు 30 యూరోలు, అది మనమే కట్టి ఇన్సూరెన్స్‌లో తెచ్చుకోవాలి. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, కానీ మీరు చూడాల్సింది ఆ అంకె కాదు. మీ బీపీ, షుగరు ముందునుంచీ ఉన్న జబ్బులు. వాటి వల్ల ఏదైనా వస్తే కవరవుతుందా, ఎంతవరకు అన్నది పాలసీ కాగితంలో వెతకండి. చాలా పాలసీల్లో ప్రాణం మీదికొస్తే తప్ప ఇవ్వరు. మందులు మొత్తం కాలానికి సరిపడా ఇక్కణ్నుంచే పట్టుకెళ్లండి. బ్రాండు పేర్లు కాకుండా మందు అసలు పేర్లతో డాక్టరు చేత ప్రిస్క్రిప్షన్ రాయించుకుని చేతిసంచిలో పెట్టుకోండి. ప్రాణాపాయమైతే 15 నొక్కాలి, అది అంబులెన్సు నంబరు. ఏ నంబరూ గుర్తురాకపోతే 112. ఫోన్లో ఫ్రెంచిలో మాట్లాడలేకపోయినా ఇంటి చిరునామా, ఊరి పేరు, మీ జబ్బులు, మందులు ఫ్రెంచిలో ఒక కాగితం మీద అమ్మాయి చేత రాయించి ఫ్రిజ్ మీద అంటించండి. పక్కింటివాళ్లకు ఒక కాపీ ఇవ్వండి. నేను దిగిన రోజే చేసే పని ఇది.

కారు ఉండాలి, కానీ రోజూ దాని మీద ఆధారపడకుండా ఉండాలి. బయల్దేరే ముందు ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. ఆటోమేటిక్ కారు కావాలంటే చాలా ముందుగా చెప్పాలి. కుడివైపు నడపడం రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. అలవాటు కానిది ఇంకొకటి. పల్లెల్లో బోర్డు ఏదీ లేని కూడలిలో కుడిపక్క సందులోంచి వచ్చే బండికి దారివ్వాలి, అది ఎంత చిన్న సందైనా సరే. మీరు పెద్ద రోడ్డు మీదున్నా ఆగాల్సిందే. ఎర్ర అంచుతో ఊరి పేరు బోర్డు కనిపించిందంటే వేరే చెప్పకపోయినా వేగం 50. అదే పేరు మీద ఎర్ర గీత కొట్టిన బోర్డు దగ్గర ఊరు అయిపోతుంది. మామూలు రెండు వరసల రోడ్ల మీద 80, కొన్ని జిల్లాల్లో 90. సాయంత్రం మసక వెలుతురులో జింకలు అడ్డొస్తాయి, ఆ వేళకు ఇంట్లో ఉండేలా చూసుకోండి.

తిండి విషయంలో వదినగారి తరఫున కాస్త ఎక్కువే చెబుతాను. ఆ ప్రాంతం బాతు మాంసానికి పేరు. బంగాళాదుంపలు కూడా బాతు కొవ్వులో వేయిస్తారు. సలాడే కదా అని తెప్పించుకుంటే అందులో బాతు కందనకాయలు వస్తాయి. సూపులో మాంసం రసం ఉండొచ్చు. సంప్రదాయ చీజుల్లో చాలావాటిని దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తో పేరబెడతారు. పట్టింపు ఉంటే అమ్మే ఆవిడను అడిగి తీసుకోండి. హోటల్లో తినాలంటే ముందురోజే ఫోను చేయించి మాంసం, చేప, కొవ్వు ఏవీ వద్దని చెప్పించండి. ముందు తెలిస్తే ఎంతో ప్రేమగా వండిపెడతారు. మధ్యాహ్నం రెండు దాటాక వెళితే మాత్రం పొయ్యి ఆర్పేస్తారు, ఏడింటిదాకా ఏమీ దొరకదు.

ఇంట్లో వంటకు ఢోకా లేదు. ఎర్ర కందిపప్పు, శనగలు, బియ్యం, మంచి పెరుగు ఏ సూపర్‌మార్కెట్లోనైనా ఉంటాయి. కందిపప్పు, చింతపండు, ఇంగువ, ఆవాలు, కారం, పచ్చళ్లు ఇక్కణ్నుంచి తీసుకెళ్లండి. నెయ్యి, కోవా, పాలతో చేసిన మిఠాయిలు, పచ్చి కరివేపాకు తీసుకెళ్లకండి. ఐరోపా యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేనివ్వరు, ఆకులకు తనిఖీ ధ్రువపత్రం కావాలి. అక్కడి వెన్న కాచుకుంటే ఆ నెయ్యి వాసనకే ఇల్లు నిండిపోతుంది. సంతలో ఒజెయ్ అనే పుల్లని ఆకు అమ్ముతారు. వేయించి ఎండుమిర్చితో నూరితే గోంగూర మీద బెంగ తీరుతుంది. సెప్టెంబరులో వంకాయలు, అక్టోబరులో గుమ్మడికాయలు వస్తాయి. చలి మొదలయ్యే ముందు ప్రతి పెరట్లోనూ పండని టమాటాలు మిగిలిపోతాయి. వాటిని ఏం చేయాలో తెలియక వాళ్లు పంచిపెడుతుంటారు, మనకేమో పచ్చి టమాటా పచ్చడి! అక్కడి వాల్‌నట్లు వెల్లుల్లి, ఎండుమిర్చితో దంచి పొడి చేస్తే వేడన్నంలోకి చాలా బాగుంటుంది. అడవిలో ఏరిన పుట్టగొడుగులు మాత్రం సొంతంగా నమ్మకండి. ఏరినవాటిని మందుల షాపుకు తీసుకెళితే ఏది తినొచ్చో చూసి చెప్పడం అక్కడి ఆనవాయితీ.

ఇవన్నీ కుదిరినా మనుషులు లేకపోతే మూడు నెలలు గడవవు. అందుకు దారి చాలా తేలిక. దుకాణంలో అడుగుపెట్టగానే, ఏదైనా అడిగేముందు, అందరికీ వినబడేలా బోంజూర్ అనండి. అనకుండా నేరుగా ధర అడిగితే వాళ్లకు అది అమర్యాద. రోజూ ఒకే వేళకు ఒకే దుకాణానికి వెళ్లండి, రెండో వారానికి మీ రొట్టె తీసి పక్కన పెడతారు. దిగిన మొదటి వారంలో మేరీకి వెళ్లి ఫలానా ఇంట్లో ఉంటున్నామని చెప్పండి. ఊళ్లో పెద్దవాళ్ల సంఘం ఉందా, నడక బృందం ఉందా అని అక్కడే తెలుస్తుంది. జెనెరసియోఁ మూవ్మాఁ అనే గ్రామీణ వృద్ధుల సమాఖ్యకు ఊరూరా క్లబ్బులున్నాయి. పేకాట, కుట్టుపని, పాటలు, కలిసి భోజనాలు జరుగుతాయి. వదినగారికి అల్లికలో, ముగ్గులో చేయి ఉంటే ఆవిడే మీకంటే ముందు ఊరివాళ్లయిపోతారు. భాష రాకపోయినా చేతిపని దగ్గర మాటలు ఎన్నో అక్కర్లేదు. అయినా ఆరు నెలల ముందు నుంచి రోజూ అరగంట ఫ్రెంచి నేర్చుకోండి, ఇద్దరూ కలిసి. హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాంసేజ్ లాంటి చోట్ల మొదటి మెట్టు పాఠాలు దొరుకుతాయి. అంకెలు, కూరగాయలు, ఒంట్లో నొప్పులు చెప్పుకోవడం వస్తే చాలు.

ఎవరైనా సాయంత్రం ఆరింటికో ఏడింటికో అపెరో, అంటే భోజనానికి ముందు తీసుకునే పానీయం, తాగడానికి రమ్మంటే అది భోజనం కాదు. గంటో గంటన్నరో కూర్చుని లేవాలి. మీరు తాగకపోతే పండ్లరసం ఇస్తారు, ఎవరూ బలవంతపెట్టరు. తరువాత మీరు పిలిచి ఉల్లిపాయ పకోడీలు పెట్టండి, కారం సగం తగ్గించి. అక్టోబరు చివర సంత నిండా చామంతి కుండీలే ఉంటాయి. చూసి ముచ్చటపడి ఎవరింటికీ కానుకగా తీసుకెళ్లకండి. నవంబరు 1న చనిపోయినవాళ్ల సమాధుల మీద పెట్టే పూలవి. మీ ఇంట్లో పూజకు కొనుక్కోవచ్చు, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

నడకకు వెళ్లేటప్పుడు పసుపు గీతలున్న దారులు చిన్నవి, ఇంటికి తిరిగొచ్చేవి. ఎరుపు తెలుపు గీతలు దూరప్రయాణపు బాటలవి. స్పెయిన్‌లోని సంతియాగోకు వెళ్లే యాత్రికుల దారి ఫిజాక్ మీదుగానే పోతుంది, వీపున సంచులతో రోజూ ఎవరో ఒకరు ఎదురవుతారు. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా వేట కాలం. అడవి దారిలో అడుగుపెడితే మెరిసే నారింజ రంగు కోటు తప్పనిసరిగా వేసుకోండి. చూడాల్సినవి లెక్కలేనన్ని. నన్నడిగితే ఒక్క పెష్ మెర్ల్ గుహ చాలు. వేల ఏళ్ల కిందట మనిషి గీసిన చుక్కల గుర్రాలు, నకలు కాదు, అసలు బొమ్మలే. రోజుకు వచ్చేవాళ్ల సంఖ్యకు పరిమితి ఉంది, ముందుగా టికెట్టు తీసుకోవాలి. లోపల ఎప్పుడూ చలి, స్వెట్టరు మర్చిపోకండి. ఫిజాక్‌లో 1790లో పుట్టిన షాంపోలియన్ ఈజిప్టు చిత్రలిపిని చదివినవాడు, ఆయన పేరున ఉన్న మ్యూజియం వాన పడే రోజుకు అట్టిపెట్టుకోండి.

ఇక డబ్బు మాట. పల్లెలో మన యూపీఐ పనిచేయదు. కార్డు దాదాపు అంతటా తీసుకుంటారు, సంతలో చిల్లర నోట్లు కావాలి. బ్యాంకు ఓటీపీలు వచ్చే మన సిమ్‌ను రోమింగులో బతికించి ఉంచండి, మాట్లాడటానికి అక్కడి సిమ్ వేరే తీసుకోండి.

మూడు నెలలూ ఒకే ఇంటికి కట్టుబడటానికి భయంగా ఉందన్నారు. అమ్మాయి దగ్గరే ఉంది కాబట్టి మీకు దారుంది. దిగాక పది రోజులు తులూజ్‌లో ఉండండి, కుడివైపు డ్రైవింగు అల్లుడి పక్కన కూర్చుని అలవాటు చేసుకోండి. తరువాత ఎనిమిది వారాలకు ఊళ్లో ఇల్లు తీసుకోండి, చివరి రోజులు మళ్లీ పిల్లల దగ్గర. ఆ పొలాల మధ్య ఇల్లు అంతగా నచ్చితే, పిల్లలు కూడా సెలవు పెట్టుకుని వచ్చే వారం చూసి, ఆ ఒక్క వారానికి అద్దెకు తీసుకోండి. మీరు చూస్తున్న రెండు మూడు ఊళ్ల పేర్లు రాయండి. సంత ఏ రోజో, రైలు ఆగుతుందో లేదో, మెట్లెక్కే ఊరా చదునుగా ఉండే ఊరా, నాకు తెలిసినంతవరకు చెబుతాను.